తుపాకి పనికి గురువులను వెతికిన హైదర్ ఆలీ

వానాకాలంలో కుశస్థలి నది పొంగితే అవతలి గట్టుకు చేరలేక నిలిచిపోవడం సరిహద్దు పల్లెల వారికి కొత్త కాదు. 1780 ఆగస్టు నెలాఖరున అదే నది ఒక సైన్యాన్ని ఆపివేసింది. గుంటూరు సీమ నుంచి దక్షిణానికి నడిచి వచ్చిన కర్నల్ బెయిలీ దండు నది ఉత్తరపు ఒడ్డున విడిది చేయగా, ఆ రాత్రి కురిసిన వానకు నది వెల్లువెత్తింది. సెప్టెంబరు మొదటి వారం వరకు దాటడానికి వీలు కాలేదు. ఆ జాప్యమే ఆ దండు వినాశానికి దారితీసింది. ఎదుట ఉన్నవాడు మైసూరు పాలకుడు హైదర్ ఆలీ. చదవనూ రాయనూ రాని ఆ సేనాని ఆయుధాల తయారీని ఒక విద్యగా గుర్తించి, దానికి గురువులను వెతికి తెచ్చిన తీరు నేటి తల్లిదండ్రులు కూడా తెలుసుకోదగినది.

హైదర్ ఆలీ 1720 ప్రాంతంలో కోలారు సీమలోని బూదికోటలో జన్మించాడు. కుప్పానికి ఎంతో దూరం లేని ఆ ఊరు నేటికీ తెలుగు వినిపించే చోటు. తండ్రి ఫతే మహమ్మద్ కొంతకాలం ఆర్కాటు నవాబు కొలువులో తారాజువ్వలు ప్రయోగించే యాభై మంది బంట్లకు నాయకుడుగా ఉన్నాడు. ఆనాటి తారాజువ్వ వెదురు గొట్టంలో మందు కూరినది. సంకేతాలు పంపడానికే అది ఎక్కువగా ఉపయోగపడేది. హైదర్ పసివాడుగా ఉండగానే తండ్రి యుద్ధంలో మరణించాడు. కుటుంబం బంధువుల పంచన చేరింది. చదువు అబ్బలేదు గాని జ్ఞాపకశక్తి అపారం. తెలుగు, కన్నడం సహా పలు భాషలలో మాట్లాడగలిగేవాడు.

మైసూరు సేనలో అతని అన్న షాబాజ్ ఒక దళానికి అధిపతి. హైదర్ ప్రోద్బలంతో అన్న బొంబాయిలోని ఆంగ్లేయుల నుంచి ఆయుధ సామగ్రి సంపాదించి, ముప్పై మంది ఐరోపా నావికులను ఫిరంగుల వద్ద నియమించాడు. 1749లో దేవనహళ్లి ముట్టడిలో హైదర్ పరాక్రమం వెల్లడయింది. 1750 డిసెంబరులో జింజీ సమీపంలో నిజాము నాసిర్ జంగ్ హతుడైనప్పుడు కలిగిన కల్లోలంలో ధనంతో పాటు వందలాది తుపాకులు అతని చేతికి చిక్కాయి.

తుపాకులు దొరికాయి గాని, చెడిపోతే బాగుచేసే చేతులు కావాలి. చెకుముకి తుపాకి నిర్మాణం సులభమైనది కాదు. ఇనుప పట్టీని కాల్చి కడ్డీ చుట్టూ చుట్టి, అతుకు కనబడకుండా సమ్మెటతో సాగగొట్టి, లోపలి బెజ్జాన్ని నునుపుగా తొలిచితే గాని గొట్టం సిద్ధం కాదు. రాయిని ఉక్కుపై కొట్టే స్ప్రింగు పదును తప్పితే నిప్పురవ్వ రాలదు. అతుకు బలహీనమైతే గొట్టం పేలి ప్రయోగించినవాని ప్రాణమే పోతుంది. కమ్మరి, వడ్రంగి, మందు కలిపే పనివాడు ఒక కొలతకు కట్టుబడి పనిచేస్తేనే ఆయుధం నమ్మదగినదవుతుంది.

ఈ సత్యాన్ని హైదర్ గ్రహించాడు. 1755లో దిండిగల్లుకు ఫౌజుదారుగా వెళ్లినప్పుడు తిరుచిరాపల్లి, శ్రీరంగం, పుదుచ్చేరిల నుంచి నేర్పరులైన పనివారిని రప్పించి, ఫ్రెంచి నిపుణుల పర్యవేక్షణలో అక్కడ ఆయుధశాలను, మందుగుండు కర్మాగారాన్ని నెలకొల్పాడు. తన కొలిమి పనివారు అన్యదేశీయుని వద్ద నేర్చుకోవడాన్ని అతడు చిన్నతనంగా తలచలేదు. 1761 నాటికి మైసూరు అధికారమంతా అతని చేతికి వచ్చింది. 1763లో బిదనూరును జయించి అక్కడ కూడా ఆయుధశాల స్థాపించాడు. 1769లో మెరుపువేగంతో చెన్నపట్నం ముంగిటికి వచ్చి ఆంగ్లేయుల చేత సంధి చేయించుకున్నాడు.

తండ్రి వాడిన వెదురు తారాజువ్వ స్థానంలో హైదర్ కాలంలో ఇనుప గొట్టపు తారాజువ్వ వచ్చింది. వెదురు తట్టుకోలేని ఒత్తిడిని ఇనుము తట్టుకుంటుంది. అందువల్ల మందును బిగించి కూరవచ్చు, జువ్వ దూరం పోతుంది. ఎనిమిది, పది అంగుళాల గొట్టాన్ని పొడవాటి వెదురు బొంగుకు కట్టి వదిలేవారు. హైదర్ సేనలో వీటికోసమే సుమారు 1200 మంది బంట్లు ఉండేవారు. తరువాతి కాలంలో శ్రీరంగపట్నంలో దొరికిన జువ్వలను ఆంగ్లేయులు ఇంగ్లండుకు పంపగా, వాటిని పరిశీలించి విలియం కాంగ్రీవ్ తన రాకెట్లను రూపొందించాడు.

ఫ్రెంచివారి ఆయుధాలు మైసూరు చేరే మాహే రేవును 1779లో ఆంగ్లేయులు ఆక్రమించుకోవడం హైదర్‌కు ఆగ్రహం కలిగించింది. 1780 జులైలో ఎనభై వేలకు పైబడిన సేనతో కనుమలు దిగి కర్ణాటక సీమపై పడ్డాడు. సెప్టెంబరు 6న పేరంబాక్కం వద్ద అతని కుమారుడు టిప్పు బెయిలీని అడ్డగించాడు. 10వ తేదీన కంచి సమీపంలోని పొల్లిలూరు వద్ద తండ్రీకొడుకులు కలిసి ఆ దండును తుడిచిపెట్టారు. ఆంగ్లేయుల మందుగుండు బండ్లు పేలిపోవడానికి తారాజువ్వలే కారణమని పలువురు చరిత్రకారులు భావించారు. కంచిలో ఉన్న మన్రో తన పెద్ద ఫిరంగులను కోనేటిలో పడవేసి వెనుదిరిగాడు. మరుసటి ఏడు ఐర్ కూట్ ఆగస్టులో తిరువళ్లూరు పక్కనున్న తిరుప్పాచ్చూరు కోటను పట్టుకున్నాడు. సెప్టెంబరు 27న తిరుత్తణికి సమీపంలోని షోళింగర్ వద్ద హైదర్‌ను ఓడించాడు.

అయితే ఈ కథను కేవలం వీరగాథగా చెప్పుకోవడం న్యాయం కాదు. శత్రువుకు తిండిగింజ దొరకరాదని హైదర్ సేన పైర్లను, పల్లెలను తగులబెట్టింది. వేలాది కుటుంబాలు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని చెన్నపట్నం వైపు పరుగెత్తాయి. వెనువెంట కరువు వచ్చిపడింది. ఏ నిపుణుడు మలచిన గొట్టమైనా, దాని ముందు నిలిచినవాడు చాలాసార్లు అమాయక రైతే.

1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట విడిదిలో వీపుపై లేచిన రాచపుండుతో హైదర్ కన్నుమూశాడు. టిప్పు మలబారులో ఉన్నందున మరణవార్తను దాచి, దేహాన్ని పెట్టెలో ఉంచి కోలారుకు తరలించారు. తరువాత శ్రీరంగపట్నంలో సమాధి చేశారు.

ఆ యుద్ధాలు సాగిన నేలమీదనే నేడు ఆవడి ఉన్నది. 1961లో నెలకొల్పిన హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీ నుంచి 1965లో విజయంత ట్యాంకు వెలువడింది. 2021లో ఆర్డ్‌నెన్స్ కర్మాగారాలను ఏడు సంస్థలుగా విభజించిన తరువాత, ఇది ఆవడి కేంద్రంగా గల ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్‌లో భాగమైంది. 1966లో ఆరంభమైన తిరుచిరాపల్లి కర్మాగారం తుపాకులనే తయారు చేస్తుంది. ఈ మార్గంలో అడుగు పెట్టదలచిన పల్లె బిడ్డకు పదవ తరగతి తరువాత ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్ వంటి విభాగాలు, ఆపైన 1961 చట్టం ప్రకారం అప్రెంటిస్ శిక్షణ తొలి మెట్లు. తుపాకి కొలువు దొరకకపోయినా ఆ చేతిపని ఏ యంత్రశాలలోనైనా అన్నం పెడుతుంది.

లైసెన్సు లేకుండా నాటు తుపాకి చేయడం, బాగుచేయడం మాత్రం 1959 ఆయుధ చట్టం ప్రకారం ఘోర నేరం. 2019 సవరణ తరువాత ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు శిక్ష ఉన్నది. కొలిమి నేర్పు ఉన్న ఇంటి పెద్దలు ఈ తేడాను పిల్లలకు ముందే తెలియజెప్పాలి. హైదర్ జీవితం చెప్పేది కూడా రెండు మాటలే. విద్య ఎవరి వద్ద ఉన్నా వెళ్లి నేర్చుకోవాలి. నేర్చినది ఎవరి బ్రతుకును కాలుస్తుందో కూడా ఆలోచించాలి.