ఆల్బర్ట్ హోవార్డ్

సర్ ఆల్బర్ట్ హోవార్డ్ (డిసెంబర్ 8, 1873 - అక్టోబర్ 20, 1947) ఇంగ్లండుకు చెందిన వృక్షశాస్త్రవేత్త. ఆధునిక సేంద్రియ వ్యవసాయానికి బాటవేసిన ప్రముఖులలో ఒకడు. 1905 నుండి 1931 వరకు భారతదేశంలో పనిచేసి, కంపోస్టు ఎరువు తయారీలో ఇండోర్ పద్ధతిని రూపొందించాడు. ఇక్కడి సేద్యాన్ని మెరుగుపరచడానికి వచ్చిన ఈయన, ఇక్కడి రైతుల నుండే ముఖ్యమైన పాఠాలు నేర్చుకున్నాడు. నేల, పంట, పశువు, మనిషి - ఈ నాలుగింటి ఆరోగ్యము ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటుందన్నది ఈయన సిద్ధాంతం.

బాల్యము, విద్యాభ్యాసము

హోవార్డ్ ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, బిషప్స్ కాసిల్ అనే ఊరిలో వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. లండన్‌లోను, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోను ప్రకృతి శాస్త్రాలు అభ్యసించాడు. 1899లో వెస్టిండీస్‌కు వెళ్ళి, బార్బడోస్ కేంద్రంగా చెరకు మొదలైన పంటలకు వచ్చే శిలీంధ్ర వ్యాధులను పరిశీలించాడు. ప్రయోగశాలలో తెగులును పరీక్షించడమే తప్ప, తాను సూచించిన చికిత్సను ప్రయత్నించి చూడటానికి సొంత పొలం లేకపోవడం ఈయనకు అసంతృప్తి కలిగించింది. 1903 నుండి 1905 వరకు ఇంగ్లండులోని వై వ్యవసాయ కళాశాలలో వృక్షశాస్త్రజ్ఞుడుగా పనిచేశాడు.

పూసాలో పరిశోధనలు

1905లో హోవార్డ్ బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఉద్యోగంలో చేరాడు. అదే సంవత్సరం గాబ్రియెల్ మత్తయ్‌ను వివాహమాడాడు. ఆమె కూడా వృక్షశాస్త్రవేత్త. 1913లో ఆమెకు ప్రభుత్వం ద్వితీయ ఆర్థిక వృక్షశాస్త్రజ్ఞురాలి పదవి ఇచ్చింది. దంపతులిద్దరూ కలసి రూపొందించిన పూసా 4, పూసా 12 గోధుమ రకాలు ఉత్తర భారతంలో ప్రసిద్ధి పొందాయి.

పూసా పరిసరాలలోని రైతులు పురుగుమందులు గాని, రసాయనిక ఎరువులు గాని వాడకుండానే ఆరోగ్యవంతమైన పంటలు పండించడం హోవార్డ్ గమనించాడు. సుమారు 75 ఎకరాల పొలం తీసుకొని తానూ అదే విధంగా సేద్యం చేశాడు. నేలలో గాలి, నీరు సరిగా ఆడేలా చూడటం, పప్పుధాన్యాలను మిశ్రమ పంటలుగా వేయడం, జనుమును పచ్చిరొట్టగా దున్నడం వంటి విషయాలపై దృష్టి పెట్టాడు. పురుగు, తెగులు అనేవి నేలలోనో సాగులోనో ఉన్న లోపాన్ని తెలిపే సూచికలని, వాటిని చంపినంత మాత్రాన లోపం పోదని ఈయన అభిప్రాయానికి వచ్చాడు.

ఈయన ఎద్దుల విషయం తరచు ప్రస్తావనకు వస్తుంది. బాగా పండిన మేతతో పెరిగిన తన ఎద్దులు, గాలికుంటు వ్యాధి సోకిన పొరుగు పశువులతో మూతులు రాసుకున్నా వాటికి ఆ వ్యాధి అంటలేదని హోవార్డ్ నమోదు చేశాడు. అయితే ఇది ఒక పరిశీలన మాత్రమే, పోలిక కోసం వేరొక మందను ఉంచి చేసిన ప్రయోగం కాదు.

ఇండోర్ పద్ధతి

1924లో హోవార్డ్ ఇండోర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ ఇండస్ట్రీకి సంచాలకుడయ్యాడు. పత్తి పరిశోధన దాని ముఖ్యోద్దేశం. భారతీయ గ్రామాలలో పేడలో చాలా భాగం పిడకలుగా పొయ్యిలోకి పోతోందని, పంట వ్యర్థాలు కూడా నేలకు తిరిగి చేరడం లేదని ఈయన గుర్తించాడు. చైనా రైతులు వ్యర్థాలను ఎరువుగా మార్చుకునే తీరును వివరించిన ఎఫ్.హెచ్. కింగ్ గ్రంథం (1911) ఈయనపై ప్రభావం చూపింది. సహచరుడు యశ్వంత్ డి. వాడ్‌తో కలసి రూపొందించిన పద్ధతి స్థూలంగా ఇది:

* పత్తికట్టె వంటి గట్టి వ్యర్థాలను బాటపై పరచి, బండ్ల రాకపోకలతో నలగనిస్తారు.
* లోతు తక్కువ గుంటలలో పంట వ్యర్థాలు, పేడ, పశువుల మూత్రంతో తడిసిన కొట్టంలోని మట్టి, కట్టెల బూడిద పొరలు పొరలుగా వేస్తారు.
* తగినంత తేమ ఉంచుతూ, గాలి ఆడేలా మూడుసార్లు తిరగవేస్తారు.
* సుమారు 3 నెలలలో ఎరువు సిద్ధమవుతుంది.

సూక్ష్మజీవుల చర్య వలన కుప్పలో వేడి 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఈ వేడికి కలుపు విత్తనాలు, రోగకారక క్రిములు చాలావరకు నశిస్తాయి. ఆహార భద్రత దృష్ట్యా ఇది ముఖ్యమైన అంశం. పచ్చి పేడ వేసిన మడిలో పెంచి, వండకుండా తినే కూరగాయల ద్వారా హానికర బాక్టీరియా మనిషికి చేరవచ్చు. కుప్ప వేసినంత మాత్రాన రక్షణ కలుగదు, లోపలి వేడి అన్ని భాగాలకూ తగలాలి. ఆరుబయట వరుస కుప్పలుగా చేసే కంపోస్టు 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు ఉండాలని, ఆ కాలంలో కనీసం 5 సార్లు తిరగవేయాలని అమెరికా సేంద్రియ ప్రమాణాలు నిర్దేశించాయి.

1935లో మహాత్మా గాంధీ ఇండోర్ సంస్థను సందర్శించి, హరిజన్ పత్రిక ద్వారా ఈ పద్ధతిని పాఠకులకు పరిచయం చేశాడు. 1939లో సి.ఎన్. ఆచార్య పట్టణ వ్యర్థాల కోసం బెంగుళూరు పద్ధతిని రూపొందించాడు. తెలుగునాట వ్యవసాయ విద్యార్థులు ఈ రెండింటినీ పోల్చి చదువుతారు. బెంగుళూరు పద్ధతిలో తిరగవేసే పని ఉండదు గాని, ఎరువు సిద్ధం కావడానికి ఎక్కువ కాలం పడుతుంది.

చివరి దశ

1930లో గాబ్రియెల్ మరణించింది. మరుసటి సంవత్సరం హోవార్డ్ పదవీ విరమణ చేసి ఇంగ్లండు చేరాడు. గాబ్రియెల్ సోదరి లూయిస్‌ను వివాహమాడాడు. 1934లో ఈయనకు సర్ బిరుదు లభించింది. ఆ తరువాత రచనల ద్వారా, ఉపన్యాసాల ద్వారా తన సిద్ధాంతాన్ని ప్రచారం చేశాడు. అమెరికాలో జె.ఐ. రోడేల్ 1942లో ప్రారంభించిన సేంద్రియ వ్యవసాయ పత్రికకు సహసంపాదకుడుగా వ్యవహరించాడు. 1947లో లండన్‌లో మరణించాడు.

విమర్శలు, ప్రాధాన్యత

నత్రజని, భాస్వరము, పొటాష్ లెక్కలతోనే నేల సారం కొలవడాన్ని హోవార్డ్ తీవ్రంగా ఖండించాడు. అయితే 1843 నుండి ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో సాగుతున్న ప్రయోగాలలో, రసాయనిక ఎరువులు వేసిన మడులు కూడా శతాబ్దానికి పైగా మంచి దిగుబడి ఇచ్చాయి. సారవంతమైన నేలలో పెరిగిన పంటకు, పశువుకు రోగాలు రావన్న ఈయన వాదన పూర్తిగా నిరూపణ కాలేదు. సేంద్రియ సాగులో దిగుబడి సగటున తక్కువని పలు అధ్యయనాలు తెలిపాయి.

అయినప్పటికీ నేల నుండి తీసినది నేలకు తిరిగి ఇవ్వాలన్న సూత్రము, నేల జీవంతో నిండినదన్న భావన నేటి వ్యవసాయ శాస్త్రంలో స్థిరపడ్డాయి. ఇండోర్ పద్ధతికి హోవార్డ్ పేరే ఎక్కువగా వినిపిస్తుంది. గాబ్రియెల్, వాడ్‌ల కృషితో పాటు, పేర్లు నమోదు కాని పూసా పరిసర రైతుల అనుభవము కూడా ఈయన శాస్త్రానికి ఆధారమన్నది గమనించదగిన విషయం.

ముఖ్య రచనలు

* వీట్ ఇన్ ఇండియా (1909), గాబ్రియెల్‌తో కలసి
* ది వేస్ట్ ప్రాడక్ట్స్ ఆఫ్ అగ్రికల్చర్ (1931), వాడ్‌తో కలసి
* యాన్ అగ్రికల్చరల్ టెస్టమెంట్ (1940)
* ఫార్మింగ్ అండ్ గార్డెనింగ్ ఫర్ హెల్త్ ఆర్ డిసీజ్ (1945). ఇదే అమెరికాలో ది సాయిల్ అండ్ హెల్త్ (1947) అనే పేరుతో వెలువడింది