దక్షిణాఫ్రికా కోర్టులో మన దుబాసీ: రెట్టమలై శ్రీనివాసన్

నాటాల్ వెళ్లిన కూలీల ఓడ జాబితాల్లో ఒక్కో మనిషికి ఒక్కో వరస. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. జిల్లా గడిలో ఉత్తర ఆర్కాటు అన్న మాట మళ్లీ మళ్లీ కనబడుతుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా మన చిత్తూరు పట్నమే ఆ జిల్లాకు కేంద్రం. తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకా కూడా అందులోదే. కులం గడిలో మాల, పరయ అని రాసిన వాళ్లు ఎందరో. కరువుకూ కులానికీ ఒకేసారి దూరమవ్వాలని ఓడెక్కిన వాళ్లు వాళ్లు.

1860 నుంచి 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా మనుషులు అలా నాటాల్ చేరారు. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల కూలి. పాస్ లేకుండా తోట దాటితే నేరం. దొర మీద ఫిర్యాదు చేయడానికి వెళ్లే కూలీని కూడా దారిలో పట్టుకోవచ్చు. 1895 చట్టం ప్రకారం, ఒప్పందం ముగిశాక తిరిగి రాకుండా, మళ్లీ కూలికి కుదరకుండా అక్కడే ఉండిపోతే ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలి. అంటే మొదటి ఏడాది కూలిలో ఆరు నెలల డబ్బు. 1897 చట్టమైతే, యూరప్ భాషలో దరఖాస్తు రాయలేని కొత్తవాళ్లకు తలుపే మూసేసింది.

ఈ చట్టాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. బోనులో నిలబడిన మనిషికి తెలిసింది తమిళమో తెలుగో. ఆ రెంటి మధ్యా నిలబడేవాడు దుబాసీ. కూలీ చెప్పినదాంట్లో ఒక మాట జారిపోతే శిక్ష పడేది కూలీకే.

దక్షిణాఫ్రికా కోర్టులో అలాంటి దుబాసీగా ఏళ్ల తరబడి పనిచేసిన వ్యక్తి రెట్టమలై శ్రీనివాసన్. ఆయన 1860 ప్రాంతంలో చెంగల్పట్టు జిల్లాలో, అంటరాని కుటుంబంలో పుట్టారు. కోయంబత్తూరులో చదువుకునే రోజుల్లో, కులం బయటపడుతుందన్న భయంతో తోటి విద్యార్థులకు దూరంగా మసిలారు. నీలగిరిలో యూరోపియన్ కంపెనీల్లో లెక్కలు రాసి, 1890లో మద్రాసు చేరారు. 1893లో పరైయన్ పత్రిక పెట్టారు. ఏ పేరుతో లోకం తిట్టిందో ఆ పేరునే పత్రిక నుదుటన రాసుకున్నారు. ఐసీఎస్ పరీక్షలు ఇండియాలో కూడా జరపాలని కాంగ్రెస్ అడిగితే, పై కులాల అధికారం ఇంకా బిగుస్తుందని వాదించి, 3,412 మంది సంతకాలతో బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పంపించారు.

1900 తర్వాత ఇంగ్లండు వెళ్లాలని దేశం దాటిన మనిషి దక్షిణాఫ్రికాలో ఆగిపోయారు. గాంధీ అక్కడ వకీలుగా ఉన్న రోజులవి. గాంధీకి తమిళంలో సంతకం నేర్పింది శ్రీనివాసనే అంటారు. గాంధీ పేరు ప్రపంచానికి తెలిసింది. దుబాసీ పేరు మన పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు.

1920 దశకం మొదట్లో ఆయన తిరిగొచ్చారు. 1923లో మద్రాసు శాసనమండలికి నామినేట్ అయ్యారు. పరాయి దేశంలో పాస్ లేకుండా నడిస్తే నేరం. సొంత దేశంలో కొన్ని వీధుల్లో పాస్ ఉన్నా నడవలేం. 1924లో ఆయన పెట్టిన తీర్మానం సరిగ్గా దాని మీదే: ప్రభుత్వ రోడ్లు, బావులు, చెరువులు, కార్యాలయాలు అన్ని కులాలకూ తెరిచి ఉండాలి. మద్రాసు రాష్ట్రంలో భాగమైన చిత్తూరుకూ అది వర్తించింది. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో అంబేద్కర్ పక్కన కూర్చున్నారు. 1932 పూనా ఒప్పందం మీద ఆయన సంతకం ఉంది. 1945 సెప్టెంబరు 18న కన్నుమూశారు.

ఆయనకు విగ్రహాలు కట్టాలని కాదు ఈ మాటలు. ఇవాళ మన పల్లెల నుంచి కువైట్‌కు, సౌదీకి ఇంటిపనికీ డ్రైవరు పనికీ వెళ్తున్నది ఎవరో అందరికీ తెలుసు. పదో తరగతి తప్పిన పాస్‌పోర్టు మీద ఇప్పటికీ అదనపు షరతు ఉంటుంది. 1983 వలస చట్టంలో ప్రొటెక్టర్ అన్న పాత పదవి పేరు కూడా అలాగే ఉంది. అక్కడి కోర్టులో భాష అరబ్బీ. పాస్‌పోర్టు సేఠ్ దగ్గర. జీతం ఆగిన మనిషి గోడు అరబ్బీలో చెప్పేదెవరు?

మన వాడల నుంచి లా చదివే పిల్లలు ఏటా వస్తున్నారు. సివిల్, క్రిమినల్ అని వెతుక్కునే చోట వలస చట్టాన్ని కూడా చూడాలి. దాంతోపాటు ఇంకో భాష నేర్చుకోవాలి. నూరేళ్ల కిందట, ఏ లా డిగ్రీ లేకుండా, మనవాడు ఒకడు ఆ దారిలో నడిచి చూపించాడు.