జీతం లేని రాజకీయం ఎవరిది?

పార్లమెంటు సభ్యుల నెల జీతం లక్ష రూపాయల నుంచి 1,24,000 రూపాయలకు పెరిగిందన్న ప్రకటన 2025 మార్చిలో వెలువడింది. దినభత్యం 2,000 నుంచి 2,500కు, మాజీ సభ్యుల పింఛను 25,000 నుంచి 31,000కు చేరాయి. పెంపు 2023 ఏప్రిల్ నుంచే వర్తిస్తుందన్నారు. ఆ తరువాత నేను కలిసిన విద్యార్థుల్లో చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. ప్రజాసేవ చేస్తామని వచ్చినవారికి జీతమెందుకు? వారి కోపాన్ని నేను తప్పుపట్టను. ఉద్యోగ ప్రకటనల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే యువతకు ఆ అంకెలు కంటగింపుగానే ఉంటాయి. అయితే ఆ ప్రశ్నకు ఒక కులం ఉంది. అడిగేవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు. దాన్ని చూపడానికి సిద్ధాంతాల కన్నా ఒక మనిషి జమాఖర్చులు బాగా పనికివస్తాయని నాకు అనిపిస్తుంది. డాక్టర్ భీమ్‌రావ్ అంబేడ్కర్ జీవితాన్ని మనం రాజ్యాంగం వైపు నుంచి, ఉద్యమాల వైపు నుంచి చదువుతాం. డబ్బు వైపు నుంచి చదివేవారు తక్కువ.

ఆయన 1891 ఏప్రిల్ 14న మహూ కంటోన్మెంటులో పుట్టారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. పింఛనుతో బొంబాయి చేరిన ఆ కుటుంబం పరేల్ ప్రాంతపు చాల్‌లో ఒకే గదిలో సర్దుకుంది. బరోడా మహారాజు ఇచ్చిన నెలకు 25 రూపాయల ఉపకార వేతనంతో ఎల్ఫిన్‌స్టన్ కళాశాల చదువు సాగింది. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపింది కూడా ఆ సంస్థానమే. దానికి బదులుగా పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలన్నది షరతు. 1917లో కొలువులో చేరేందుకు బరోడా వెళితే ఆ ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల వసతి గృహంలో తలదాచుకుంటే, కర్రలు పట్టుకుని వచ్చినవారు వెళ్లగొట్టారు. బొంబాయికి తిరిగివచ్చి పెట్టుబడుల సలహాల వ్యాపారం పెట్టారు. సలహా చెప్పేవాడు అంటరానివాడని తెలియగానే ఖాతాదారులు మొహం చాటేశారు. అర్థశాస్త్రంలో అంతటి పాండిత్యం ఉన్నవాడికి డబ్బు సంపాదించే దారులన్నీ కులం దగ్గర ఆగిపోతున్న రోజులవి.

1918 నవంబరులో సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్య పదవి దొరికింది. జీతం 450 రూపాయలు. ఆ కాలానికి అది మంచి జీతమే. అయినా అందరికీ ఉంచిన కుండలోంచి ఆయన మంచినీళ్లు తాగడాన్ని తోటి అధ్యాపకుల్లో కొందరు సహించలేకపోయారు. ఆయన మాత్రం జీతంలో కొంత ఇంటికిచ్చి, మిగిలినది పైసా పైసా కూడబెట్టారు. ఆ పొదుపుకు కొల్హాపూర్ శాహూ మహారాజు సాయం, మిత్రుడు నవల్ భతేనా ఇచ్చిన అప్పు తోడైతేనే 1920లో తిరిగి లండన్ వెళ్లగలిగారు. అదే ఏడాది మొదలైన మూక్‌నాయక్ పత్రికకు కూడా శాహూ మహారాజు ఇచ్చిన 2,500 రూపాయలే పెట్టుబడి.

ఇక్కడ ఇంగ్లండు సంగతి కొంత చెప్పుకోవాలి. పార్లమెంటు సభ్యులకు జీతం ఇవ్వాలని 1838లో చార్టిస్టు ఉద్యమం కోరింది. ఆ కోరిక కోరినవారు ప్రభువులు కారు, కూలినాలి చేసుకునే జనం. ప్రభువులకు జీతం అవసరం లేదు, ఎస్టేటు కౌళ్లు ఉన్నాయి. గని కార్మికుడు సభలో కూర్చుంటే ఆ రోజు కూలి పోతుంది. కార్మిక సంఘాలు చందాలు పోగుచేసి తమ సభ్యులను పోషించుకుంటుంటే, సంఘం సొమ్మును రాజకీయాలకు వాడరాదని 1909లో ఆస్బోర్న్ కేసులో తీర్పు వచ్చింది. ఆ దెబ్బతో గత్యంతరం లేక 1911లో కామన్స్ సభ్యులకు ఏడాదికి 400 పౌన్లు ఇవ్వడం మొదలైంది. అంబేడ్కర్ మొదటిసారి లండన్‌లో చదువుకోవడానికి దిగింది 1916లో. సభలో కార్మికుడు కూర్చోవాలంటే ఖజానా నుంచి జీతం రావాలన్న సంగతి తేలి అప్పటికి అయిదేళ్లే.

1923లో బారిస్టరుగా తిరిగివచ్చాక న్యాయవాదిగా పేరు నమోదు చేసుకునే రుసుముకు కూడా భతేనా అప్పే దిక్కయింది. సొలిసిటర్లు అంటరాని బారిస్టరుకు కేసులు ఇవ్వడానికి వెనకాడారు. ఇల్లు గడవడానికి ఆయన ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం బోధించారు. 1927లో బొంబాయి శాసన మండలికి నామినేట్ అయ్యారు. అదే ఏడాది మహాడ్ చెరువు పోరాటం జరిగింది, బహిష్కృత భారత్ పత్రిక మొదలైంది. సంపాదకుడికి జీతమిచ్చే స్తోమత లేని ఆ పత్రికలో కాలమ్‌ల మీద కాలమ్‌లు ఆయనే నింపారు. అది 1929లో ఆగిపోయింది. పగలు కోర్టు, సాయంత్రం పాఠాలు, రాత్రి పత్రిక, నడుమ శాసన మండలి. నలుగురు బిడ్డలను పోగొట్టుకున్న రమాబాయి ఆ సంసారాన్ని ఎలా లాక్కొచ్చారో జీవిత చరిత్రలు నాలుగు వాక్యాల్లో ముగించేస్తాయి. ఆ రాజకీయానికి అసలు మూల్యం ఎక్కువగా చెల్లించింది ఆమేనని నా అభిప్రాయం. 1935లో ఆమె కన్నుమూశారు.

1937 ఎన్నికల్లో ఆయన స్థాపించిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ 17 స్థానాల్లో పోటీచేసి 14 గెలిచింది. బి.జి. ఖేర్ నాయకత్వంలో కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడింది. ఆగస్టులో మంత్రుల జీతాల బిల్లు సభ ముందుకు వచ్చింది. 1931 కరాచీ మహాసభ తీర్మానం ప్రకారం మంత్రులు నెలకు 500 రూపాయలే జీతంగా తీసుకుంటామన్నారు. ఇంటికి, వాహనానికి భత్యాలు వేరు. అంతకుముందు మంత్రుల జీతాలు వేలల్లో ఉండేవి. వారి కింద పనిచేసే ఐసీఎస్ అధికారులు అప్పటికీ వేలల్లోనే తీసుకుంటున్నారు. దేశమంతా చప్పట్లు కొట్టింది. బొంబాయి సభలో లేచి ఆ బిల్లును వ్యతిరేకించినవాడు, ఆ సభలో పేదరికాన్ని అందరికన్నా దగ్గరగా చూసినవారిలో ఒకడైన అంబేడ్కర్.

మంత్రి జీతాన్ని నిర్ణయించేటప్పుడు నాలుగు విషయాలు చూడాలని ఆయన వాదం. సమాజంలోని జీవన ప్రమాణం, మంత్రి సమర్థత, ప్రజాస్వామ్యం, పాలనలో నిజాయతీ. దేశం పేదది కాబట్టి మంత్రి జీతం తక్కువ ఉండాలన్న ఒక్క తర్కం వీటికి సమాధానం కాదన్నది ఆయన దృష్టి. కాంగ్రెస్ నిర్ణయం వెనుక చిత్తశుద్ధి లేదని నేననను. గాంధీ ఆదర్శాన్ని నమ్మి నిరాడంబరంగా బతికినవారు అందులో ఉన్నారు. కానీ నాలుగింటిలో మూడో దాని దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ప్రజాస్వామ్యమంటే ఓటు వేసే హక్కు మాత్రమే కాదు, పదవిలో కూర్చోగలిగే వీలు కూడా. పెద్ద ప్రాక్టీసు ఉన్న వకీలు, పొలాలున్న భూస్వామి, మిల్లులున్న సేఠు 500 తీసుకుంటే అది త్యాగం అవుతుంది. వెనక ఏమీ లేనివాడు అదే 500 తీసుకుంటే బతుకుతెరువు అవుతుంది, ఆ పైన బంధువుల అప్పులు, పార్టీ కార్యకర్తల ఆకలి కూడా అందులోంచే తీరాలి. వదులుకోవడానికి ముందు చేతిలో ఏదైనా ఉండాలి కదా. తరతరాలుగా జీతం లేని వెట్టి చేసిన కులాల నుంచి వచ్చినవాడికి, సేవ అంటే జీతం లేని పని అన్న నిర్వచనం కొత్తగా వినిపించదు. గ్రామంలో మహర్లు చేసిన వతన్ చాకిరీ అదే. ఆ వతన్ పద్ధతి మీద ఆయన 1920ల నుంచీ చట్టసభలో పోరాడుతూనే ఉన్నారు. జీతాల బిల్లుపై మాట్లాడిన మరుసటి నెలలోనే ఖోతీ భూస్వామ్య పద్ధతి రద్దుకు బిల్లు ప్రవేశపెట్టారు. ఈ మూడూ ఒకే ఆలోచనలోవి అనుకుంటాను.

మన దగ్గర దామోదరం సంజీవయ్యను తలచుకునే తీరు చూడండి. కర్నూలు జిల్లా పెద్దపాడులో పుట్టి 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిన తొలి దళితుడు. ఆయన గురించి ప్రతి వేదిక మీదా మొదట వినిపించేది ఆస్తులు కూడబెట్టలేదన్న మాట. నిజమే, గొప్పదే. కానీ భూములు పంచే కార్యక్రమం, అవినీతి నిరోధక శాఖ ఆయన హయాంలోనివన్న సంగతి ఎంతమంది చెబుతారు? వందల ఎకరాల నుంచి వచ్చిన నాయకుడిని దాతృత్వం కోసం పొగుడుతాం, దళిత నాయకుడిని పేదరికం కోసం పొగుడుతాం. ఇద్దరికీ రెండు కొలబద్దలు.

అంబేడ్కర్ అధ్యక్షత వహించిన ముసాయిదా సంఘం చేతుల మీదుగా వచ్చిన రాజ్యాంగంలో 106వ అధికరణం పార్లమెంటు సభ్యుల జీతాలకు, 195వ అధికరణం శాసనసభ్యుల జీతాలకు వీలు కల్పించాయి. ఎంతన్నది సభలే చట్టం ద్వారా నిర్ణయించుకోవచ్చు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. తమ జీతం తామే రాసుకునే అధికారం అది. నాలుగో కొలమానమైన నిజాయతీ దగ్గర ఈ ఏర్పాటు నిలబడదని విద్యార్థులు అంటే నేను ఒప్పుకుంటాను. 2018 నుంచి ఎంపీల జీతాన్ని ధరల సూచికి ముడిపెట్టారు, అంతవరకు మేలు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. జీతాలు పెరిగినంత మాత్రాన చట్టసభల్లోకి పేదలు రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి అధికారికంగానే 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు ఖర్చు చేయవచ్చు. అనధికార ఖర్చు సంగతి మనందరికీ తెలుసు. ఆ గడప దాటగలిగినవాడు కాంట్రాక్టరో, రియల్ ఎస్టేట్ వ్యాపారో అయినప్పుడు అతడికి జీతం ఒక లెక్కే కాదు. వద్దని ప్రకటించి మరునాడు పత్రికల్లో ఫోటో కూడా వేయించుకోగలడు. రిజర్వుడు స్థానంలో అలాంటివాడి పెట్టుబడితో గెలిచిన దళిత సభ్యుడు ఎవరి మాట వినాలో ముందే నిర్ణయమైపోతుంది.

కిందికి దిగితే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణలో సర్పంచ్ గౌరవ వేతనం 2021లో 30 శాతం పెంచిన తరువాత 6,500 రూపాయలు. దళిత, ఆదివాసీ, బీసీ మహిళలు రిజర్వేషన్ వల్ల పెద్ద సంఖ్యలో కూర్చోగలిగిన కుర్చీ అది. పొలం పనికి వెళ్లకపోతే పూట గడవని సర్పంచ్ పంచాయతీ కార్యాలయంలో ఎన్ని రోజులు కూర్చోగలదు? ఆమె కూలికి పోయిన రోజు ఆ కుర్చీలో ఎవరు పెత్తనం చేస్తారో పల్లెల్లో పుట్టినవారికి నేను చెప్పనక్కరలేదు. ఎంపీల జీతం మీద ఆగ్రహించే మనం ఈ 6,500 మీద ఒక్కసారి కూడా ఆగ్రహించలేదు.

హిందూ కోడ్ బిల్లును ప్రభుత్వం పక్కన పెట్టడంతో 1951లో అంబేడ్కర్ న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. మంత్రి బంగళా ఖాళీ చేసి, అలీపూర్ రోడ్డులో సిరోహీ మహారాజుకు చెందిన ఇంట్లోకి మారారు. 1952 తొలి ఎన్నికల్లో ఉత్తర బొంబాయిలో ఓడిపోయి, రాజ్యసభకు వెళ్లారు. 1954 చట్టం ప్రకారం సభ్యుడి జీతం నెలకు 400 రూపాయలు. మధుమేహం, కాళ్ల నొప్పులు ఆయనను మంచానికి పరిమితం చేస్తున్న రోజులవి. బుద్ధుడు, ఆయన ధర్మం గురించిన పుస్తకం ఏళ్ల శ్రమతో సిద్ధమైంది, అచ్చుకు డబ్బు లేదు. టాటాల ట్రస్టు నుంచి 3,000 రూపాయలు వచ్చాయి. అచ్చుకు అయ్యే ఖర్చు సుమారు 20,000. బుద్ధుడి 2,500వ జయంతిని కేంద్రం ఘనంగా జరుపుతున్న ఆ ఏడాది, 1956 సెప్టెంబరు 14న ఆయన ప్రధాని నెహ్రూకు లేఖ రాశారు. గ్రంథాలయాలకూ, ఉత్సవాలకు వచ్చే పండితులకూ పంచడానికి ప్రభుత్వం 500 ప్రతులు కొనవలసిందిగా కోరారు. ప్రచురణలకు కేటాయించిన సొమ్ము అయిపోయిందంటూ నెహ్రూ జవాబిచ్చారు. లేఖను ఉత్సవాల సంఘం అధ్యక్షుడు రాధాకృష్ణన్‌కు పంపారు. మరో నెలకు నాగపూర్‌లో లక్షలాది మందితో కలిసి అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించారు. డిసెంబరు 6న కన్నుమూశారు. ముందురోజు రాత్రి కూడా ఆ పుస్తకం ముందుమాట దిద్దుతూనే ఉన్నారు. మరుసటి ఏడాది ఆయన స్థాపించిన సిద్ధార్థ కళాశాల దాన్ని అచ్చువేసింది.