గడ్డినేలల మర్మమెరిగిన పావెల్

జాన్ వెస్లీ పావెల్ 1834 మార్చి 24న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మౌంట్ మారిస్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఇంగ్లండు నుండి వలస వచ్చిన క్రైస్తవ బోధకుడు. కుమారుడు తన మార్గాన్నే అనుసరించాలని ఆయన ఆశించాడు. బాలుని మనస్సు మాత్రం నదుల మీద, రాళ్ళ మీద, మొక్కల మీద లగ్నమైంది. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరిన పావెల్ 1862లో షైలో యుద్ధరంగాన కుడిచేతిని పోగొట్టుకున్నాడు. 1869లో ఆ ఒంటిచేతి వీరుడే తొమ్మిదిమంది సహచరులతో, నాలుగు పడవలతో కొలరాడో నదీమార్గాన బయలుదేరి, చివరకు ఐదుగురితో గ్రాండ్ కాన్యన్ దాటి బయటపడ్డాడు. లోకం ఆయనను నేటికీ ఆ సాహసంతోనే గుర్తుంచుకున్నది. కాని ఆయన చేసిన మేలైన పని గడ్డిని గురించినది.

అమెరికా నడుమ ఉన్న మహామైదానాలలో తూర్పు నుండి పడమరకు పోయేకొద్దీ వాన తగ్గుతుంది. మెక్సికో సింధుశాఖ నుండి వచ్చే తేమగాలులు అంత దూరం పుష్కలంగా చేరవు. పసిఫిక్ మేఘాలను పడమటి పర్వతాలు అడ్డుకుంటాయి. నూరవ పశ్చిమ రేఖాంశం దాపున ఏటి వర్షపాతం సుమారు 20 అంగుళాలు. గడ్డి ఈ తేడాను దాచదు. తూర్పున మనిషిని మించి ఎదిగే పచ్చిక, పడమట జానెడు ఎత్తుకు కుంచించుకుపోతుంది. పొట్టిగడ్డి వేళ్ళు చిరుజల్లును సైతం పైమట్టిలోనే ఒడిసిపట్టుకుంటాయి; అనావృష్టిలో ఎండినట్లే ఉండి, తొలకరికి మళ్ళీ చిగురిస్తాయి. ఇంకా పొడినేలల్లో గడ్డి దుబ్బులు దుబ్బులుగా, ఎడమెడంగా మొలుస్తుంది.

పావెల్ 1878లో శుష్కభూములను గురించి ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించాడు. ఆ దుబ్బుగడ్డి నిలిచిన చోటనే ఎండి మంచి మేత అవుతుందని, అయితే పలుచనిది కనుక ఒక మంద బ్రతకడానికి విశాలమైన నేల కావాలని, మితిమీరి మేపితే అది నశించి పనికిరాని కలుపు మొలుస్తుందని అందులో వివరించాడు. 1862 నాటి చట్టం ప్రతి కుటుంబానికీ 160 ఎకరాలు ఇచ్చేది. తడినేలకు అది చాలు. మేతనేలకు 2,560 ఎకరాలు, అంటే పదహారు రెట్లు కావాలన్నాడు పావెల్. ప్రతివారికీ కొంత నీటివసతి, కంచెలు లేని ఉమ్మడి మేత, బడికి దగ్గరగా ఇళ్ళు ఉండాలన్నది ఆయన ప్రణాళిక. ఇంత దూరదృష్టి గల ఆ నివేదికలోనే, అడవుల అగ్నిప్రమాదాలకు ఆదివాసులను బాధ్యులను చేసి, వారిని తరలించాలని వ్రాయడం మాత్రం సమర్థించలేనిది.

చట్టసభ ఆయన ప్రణాళికను ఆమోదించలేదు. నాగలి సాగిన చోటికి వాన తానే వస్తుందన్న నమ్మకం అప్పుడు ప్రబలి ఉండేది. భూమి అమ్ముకొనే రైలు కంపెనీలకు అది అనుకూలం. కొన్నేళ్ళు వానలు బాగా కురవడంతో రైతులు కూడా నమ్మారు. 1881 నుండి భూగర్భ పరిశోధనా సంస్థకు అధిపతిగా ఉన్న పావెల్ నీటివనరుల సర్వే చేపట్టగా, 1890లో దానికి నిధులు ఆగిపోయాయి. 1893లో లాస్ ఏంజిలస్ నీటిపారుదల మహాసభలో, ఉన్న నీరు ఉన్న భూమికి చాలదని ఆయన చెప్పినప్పుడు సభికులు కేకలు వేసి అవమానించారు. ఆ దశాబ్దంలోనే కరవు వచ్చింది. పడమటి కాన్సాస్, నెబ్రాస్కాలలో ఎన్నో కుటుంబాలు దున్నిన పొలాలను వదలి వెనుదిరిగాయి.

పావెల్ 1894లో పదవి విడిచి, 1902 సెప్టెంబరు 23న మెయిన్ రాష్ట్రంలో మరణించాడు. చట్టం 1909లో 320 ఎకరాలకు, 1916లో పశుపోషణకు 640 ఎకరాలకు పెరిగింది; అది ఆయన అడిగినదానిలో నాలుగవ వంతు. 1930లలో దున్నిన మైదానాల మన్ను దుమ్ముతుపానులై లేచింది. మేతభూములను జిల్లాలుగా ఏర్పరచి మందలను అదుపులో ఉంచే చట్టం 1934లో వచ్చింది. అప్పటికి పావెల్ కన్నుమూసి ముప్పై రెండేళ్ళయింది.