మొక్కజొన్న చేనిలో శాస్త్రసాధన: బార్బరా మెక్‌క్లింటాక్

మొక్కజొన్న పొత్తు నెరుగనివారుండరు. దానిని కాల్చుకొని తినువారును, విత్తనమునకు దాచుకొనువారును కలరు. కాని ఆ గింజలపై అక్కడక్కడ కనబడు రంగుచుక్కలు ఎట్లేర్పడినవని జీవితమంతయు యోచించి, ఆ చుక్కలనుండి ప్రాణికోటికి వర్తించు ఒక రహస్యమును వెలికితీసిన విదుషీమణి అమెరికా దేశీయురాలగు బార్బరా మెక్‌క్లింటాక్. తాను కన్న సత్యమును లోకము అంగీకరించుటకు ఆమె మూడు దశాబ్దములు వేచియుండవలసి వచ్చెను.

ఆమె 1902వ సంవత్సరము జూన్ 16వ తేదీన కనెక్టికట్ రాష్ట్రమందలి హార్ట్‌ఫర్డ్ పట్టణమున జన్మించెను. తండ్రి హోమియోపతి వైద్యుడు. నలుగురు బిడ్డలలో ఆమె మూడవది. తలిదండ్రులు మొదట ఎలినార్ అని పేరిడిరి గాని, ఆ పేరు బిడ్డ స్వభావమునకు మరీ సుకుమారమని తోచి, బార్బరా అని మార్చిరి. 1908లో ఆ కుటుంబము న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌కు తరలెను. ఒంటరిగా కూర్చుండి చదువుకొనుటయు, మగపిల్లలతో సమానముగా ఆటలాడుటయు బార్బరాకు చిన్ననాటినుండియు ప్రీతి.

1919లో ఉన్నత పాఠశాల చదువు ముగిసెను. ఆడపిల్ల కళాశాలకు పోయినచో వివాహము కుదురదేమోయని తల్లి భయపడెను. యుద్ధసేవనుండి తిరిగివచ్చిన తండ్రి కుమార్తె పక్షము వహించెను. ఆ సంవత్సరమే ఆమె కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన వ్యవసాయ కళాశాలలో చేరెను. 1921లో అచ్చట హచిసన్ అను ఆచార్యుడు జన్యుశాస్త్రమును బోధించుచుండెను. ఈ విద్యార్థిని ఆసక్తిని గమనించి ఆయన, పట్టభద్రులకు మాత్రమే ఏర్పరచిన పైతరగతికి ఆమెను స్వయముగా ఆహ్వానించెను. ఆ ఒక్క ఆహ్వానము ఆమె జీవితమార్గమును నిర్ణయించెను. 1927లో వృక్షశాస్త్రమున డాక్టరు పట్టమును పొందెను.

జీవకణములో దారపుపోగులవంటి క్రోమోజోములుండును. తలిదండ్రుల లక్షణములను సంతతికి అందించు జన్యువులు వానిపై వరుసగా అమరియుండును. ఏ జన్యువు ఏ క్రోమోజోముపై ఏ స్థానమున నున్నదో నిర్ణయించుటయే జన్యుపటమును రచించుట. థామస్ హంట్ మార్గన్ పండితుడును ఆయన శిష్యులును పండ్ల ఈగలపై పరిశోధించి ఇట్టి పటములను సిద్ధము చేసియుండిరి. మొక్కజొన్నకు పది జతల క్రోమోజోములు కలవు. వానిని వేరువేరుగా గుర్తించుట అంతవరకు ఎవరికిని సాధ్యము కాలేదు. మెక్‌క్లింటాక్ కణములకు రంగుపట్టించి, సూక్ష్మదర్శినిలో చూచి, పొడవును బట్టియు, నొక్కు ఉన్న చోటును బట్టియు, పైనున్న ముడులను బట్టియు పదింటిని గుర్తించెను. ఈ ఫలితములు 1929లో ప్రకటితములయ్యెను. చేనిలో కనబడు లక్షణమును కణములో కనబడు క్రోమోజోముతో ముడివేయుటకు దానితో వీలు కలిగెను.

1931లో హారియట్ క్రైటన్ అను విద్యార్థినితో కలసి ఆమె మరియొక ఘనకార్యము చేసెను. జన్యువులు ఒక జత క్రోమోజోముల మధ్య తారుమారగునని శాస్త్రజ్ఞులు నమ్ముచుండిరి గాని, ఆ సమయమున క్రోమోజోముల ముక్కలే నిజముగా మారుచున్నవని ఎవరును కన్నులారా చూపలేదు. వీరు తొమ్మిదవ క్రోమోజోమునకు ఒక కొనయందు ముడియు, రెండవ కొనయందు వేరొక క్రోమోజోమునుండి వచ్చి అతికిన ముక్కయు ఉన్న మొక్కలను ఎన్నుకొనిరి. గింజల లక్షణములు తారుమారైన మొక్కలలో ఆ గుర్తులును తారుమారై యుండుటను చూపిరి. ఇంకొక పంట వచ్చువరకు ఆగవలదని, వెంటనే ప్రకటింపుడని మార్గన్ పండితుడు వారిని ప్రోత్సహించెను. అదే ఫలితమును పండ్ల ఈగలపై కర్ట్ స్టెర్న్ కొలది కాలమునకే ప్రకటించెను.

పిమ్మట ఆమె దృష్టి తెగిన క్రోమోజోములపై నిలిచెను. మిస్సోరీ విశ్వవిద్యాలయమున లూయీ స్టాడ్లర్ అను శాస్త్రజ్ఞుడు ఎక్స్‌కిరణములతో మొక్కజొన్న క్రోమోజోములను ఛేదించుచుండెను. 1936లో ఆమె అచ్చట ఉపన్యాసకపదవి స్వీకరించెను. తెగిన క్రోమోజోము ద్విగుణీకృతమైనప్పుడు ఆ రెండు తెగిన కొనలును ఒకదానితో నొకటి అతుకుకొనును. కణము విభజింపబడునపుడు అతుకుకొన్న ఆ పోగు ఇరువైపులకు లాగబడి వంతెనవలె సాగి, మరల తెగును. తెగిన కొనలు మరల అతుకుకొనును. ఈ చక్రమును ఆమె విశదముగా వర్ణించెను. సహజమైన కొనలు మాత్రము అట్లు అతుకుకొనవు. కావున వానికి ఏదో రక్షణ ఉండవలెనని ఆమె ఊహించెను. పండ్ల ఈగలపై పరిశోధించిన ముల్లర్ కూడ అట్లే తలచెను. ఆ రక్షణ స్వరూపమును కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2009లో నోబెల్ బహుమానము లభించెను.

మిస్సోరీలో తనకు భవిష్యత్తు లేదని తలచి ఆమె 1941లో ఆ పదవిని విడిచెను. చేతిలో ఉద్యోగము లేదు. విత్తనములు నాటుకొనుటకు నేల లేదు. మిత్రుడగు మార్కస్ రోడ్స్ సహాయముచే న్యూయార్కు సమీపమున, సముద్రతీరమందలి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయమునకు ఆ వేసవిలో చేరెను. కార్నెగీ సంస్థ ఆమెకు ఉద్యోగమిచ్చెను. తరువాత అర్ధశతాబ్దము ఆమెకు అదియే నివాసస్థానమయ్యెను. 1944లో జాతీయ విజ్ఞాన పరిషత్తుకు ఎన్నికయ్యెను. స్త్రీలలో ఆ గౌరవమును పొందినవారిలో ఆమె మూడవది. 1945లో అమెరికా జన్యుశాస్త్ర సంఘమునకు తొలి మహిళాధ్యక్షురాలయ్యెను.

ఆ దినములలోనే ఆమెకు ఆ విచిత్రము గోచరించెను. కొన్ని మొక్కలలో తొమ్మిదవ క్రోమోజోము ఎప్పుడును ఒకే స్థానమున తెగుచుండెను. ఆ బలహీనస్థానమునకు విడదీయునది అను అర్థమున డిసోసియేషన్ అని పేరిడెను. అది తనంతట తెగదు. వేరొక అంశము అదే కణములో ఉన్నప్పుడే తెగును. ఆ రెండవదానికి ప్రేరేపించునది అను అర్థమున యాక్టివేటర్ అని పేరిడెను. ఆ బలహీనస్థానము ఎచ్చట నున్నదో పటములో గుర్తింపబూనగా, కొన్ని మొక్కలలో అది పూర్వస్థానమున లేదు. వేరొక చోట నుండెను! లెక్కలో పొరపాటేమోయని ఆమె మరల మరల పరీక్షించెను. పొరపాటు కాదు. 1948 నాటికి అది స్థానము మార్చుచున్నదని నిశ్చయమయ్యెను.

గింజలపై చుక్కలకు కారణము దీనితో తేటపడెను. ఊదారంగునిచ్చు జన్యువులో ఈ అంశము వచ్చి దూరినచో ఆ జన్యువు పనిచేయదు. గింజ రంగులేక యుండును. గింజ పెరుగుచుండగా ఏదేని కణములో ఆ అంశము వెడలిపోయినచో, ఆ కణమునకును దాని సంతతికిని రంగు మరల వచ్చును. ముందుగా వెడలినచో చుక్క పెద్దది. ఆలస్యముగా వెడలినచో చిన్నది. గింజను చూచినంతనే దాని పెరుగుదలలో ఏమి జరిగినదో ఆమె చెప్పగలుగుచుండెను.

ఆ కాలమున జన్యువులు దండలోని పూసలవలె స్థిరముగా నుండునని అందరి నమ్మకము. 1951 వేసవిలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో జరిగిన విద్వత్సభలో ఆమె తన ఆరేండ్ల పరిశోధనను వివరించెను. సభ మౌనము వహించెను. కొందరికి అర్థము కాలేదు. కొందరికి నమ్మకము కలుగలేదు. మొక్కజొన్నలో ఇట్టిది జరుగునని ఒప్పుకొన్నవారు సైతము, అది ఆ మొక్కలోని వింతయే గాని సృష్టిధర్మము కాదని తలచిరి. ఈ అంశములే జీవుల పెరుగుదలను శాసించునని ఆమె చేసిన ప్రతిపాదనమును పలువురు అంగీకరింపలేదు. ఆ ప్రతిపాదనము నేటికిని ఆమె చెప్పిన రూపమున పూర్తిగా స్థిరపడలేదు. కాని అంశములు కదలుననుట సత్యము.

1953 తరువాత ఆమె పత్రికలకు వ్యాసములు పంపుట చాలవరకు మానెను. పరిశోధన మాత్రము మానలేదు. ఏటేట విత్తనములు నాటి, తన చేతులతో పుప్పొడి చల్లి, ఫలితములను కార్నెగీ సంస్థ వార్షిక నివేదికలలో వ్రాయుచుండెను. 1957 మొదలు మధ్య, దక్షిణ అమెరికా దేశములలోని మొక్కజొన్న జాతులను పరిశీలించి, వాని క్రోమోజోములపై సహచరులతో కలసి 1981లో ఒక గ్రంథమును ప్రకటించెను.

కాలచక్రము తిరిగెను. 1960 దశాబ్దము చివర బాక్టీరియాలలోను, తరువాత పండ్ల ఈగలలోను ఇట్టి కదలు అంశములు బయటపడెను. మందులకు లొంగని గుణము ఒక సూక్ష్మజీవినుండి మరియొకదానికి చేరుటకు ఇవి తోడ్పడుచున్నవని తెలిసెను. అప్పుడు పండితులు మొక్కజొన్న చేనివైపు తిరిగి చూచిరి. 1983లో, ఎనుబది యొక్క యేండ్ల వయస్సున, ఆమెకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను. ఆ శాఖలో ఎవరితోను పంచుకొనక దానినందుకొన్న తొలి మహిళ ఆమెయే.

బహుమానము వచ్చిన పిమ్మటను ఆమె నిరాడంబర జీవనము మారలేదు. అవివాహితగనే జీవించి, 1992 సెప్టెంబరు 2వ తేదీన తొంబదవ యేట న్యూయార్కు రాష్ట్రమందలి హంటింగ్టన్‌లో కన్నుమూసెను. 2001లో మానవుని జన్యుపదార్థపు తొలి చిత్రము ప్రకటితము కాగా, అందులో సగమునకు దగ్గరగా కదలు అంశములనుండియే ఏర్పడినట్లు తేలెను. మొక్కజొన్నలో అది నూటికి ఎనుబది పాళ్ళకు మించినది.

గుర్తింపు లేని ముప్పది యేండ్లలో ఆమె లోకమును నిందించుచు కూర్చుండలేదు. తన మాటను ఉపసంహరించుకొనను లేదు. ప్రతి వసంతమునను విత్తనము నాటెను. ప్రతి శరత్తునను గింజలను లెక్కించెను. పుస్తకము తెరచి కూర్చుండు పల్లెటూరి బాలబాలికలకు ఆమె చరిత్రము చెప్పునది ఇదియే: కన్నది నిజమైనచో, దానిని పదిసారులు పరీక్షించి, పిమ్మట ధైర్యముతో నిలువవలెను. అట్టి పరీక్షకు ఆమెకు సూక్ష్మదర్శినితోపాటు కావలసినది కొలది నేలయు, చాల ఓర్పును మాత్రమే.