మాంటీ నే పెద్దాయన - "కాయిన్" హార్వీ

బెంటన్‌విల్ అంటే అందరికీ గుర్తొచ్చేది శామ్ వాల్టన్ కొట్టు. అంతకు ముందే ఈ బెంటన్ కౌంటీ నుంచి ఒక ముసలాయన అమెరికా అధ్యక్ష పదవికి నిలబడ్డాడంటే ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు నమ్మరు. అందుకని విలియం హోప్ హార్వీ కథ ఈ సంచికలో చెప్పదలచుకున్నాము.

ఆయన 1851లో నేటి వెస్ట్ వర్జీనియాలోని బఫలో గ్రామంలో పుట్టాడు. వకీలుగా పనిచేశాడు, కొలరాడోలో వెండి గని నడిపాడు. ఇక్కడ మన తాతముత్తాతల రూపాయికీ ఈ కథకూ చుట్టరికం కలుస్తుంది. 1893లో ఇండియా టంకశాలలు జనం తెచ్చిన వెండిని నాణాలుగా కొట్టిచ్చే పద్ధతి మానేశాయి. వెండి ధర ఇంకా దిగజారింది. ఆ ఏడే అమెరికాలో బ్యాంకులు కూలాయి. బంగారాన్నే నమ్ముకుంటే డబ్బుకు కరువొచ్చి పంట ధర పడిపోతుంది, అప్పు మాత్రం తరగదు, రైతు మునుగుతాడు - ఇదీ హార్వీ వాదం. కాయిన్ అనే కుర్రవాడు షికాగో పెద్దలకు ఈ పాఠం చెప్పినట్టు 1894లో ఓ చిన్న పుస్తకం రాశాడు. లక్షల ప్రతులు చెల్లాయి, కుర్రవాడి పేరు ఆయనకే అంటుకుంది. అదే ఏడు రాసిన నవలలో యూదు ధనికుల మీద ద్వేషం గుప్పించాడు. పెద్దవాడని దాన్ని దాచలేము. 1896లో బ్రయన్ పక్షాన ప్రచారం చేశాడు, బ్రయన్ ఓడిపోయాడు.

1900లో రాజర్స్ దగ్గర 320 ఎకరాలు కొని, మాంటీ నే అని పేరు పెట్టి విడిది ఊరు కట్టాడు. దుంగలతో పెద్ద హోటళ్ళు, 5 మైళ్ళ రైలు దారి, దిగినవారిని చేరవేయడానికి ఇటలీ పడవ! 1903లో కొడుకు హాలీ రైలు ప్రమాదంలో పోయాడు. 1913లో కాంగ్రెసుకు నిలబడి ఓడాడు. ఆ ఏడే ఓజార్క్ ట్రెయిల్స్ సంఘం పెట్టి రోడ్లకోసం పాటుపడ్డాడు. రోడ్లు వచ్చాయి గాని, కార్లలో వచ్చేవాళ్ళు ఆయన హోటళ్ళ దగ్గర ఆగలేదు. నాగరికత కూలిపోతుందని నమ్మి, భావితరాలకు దాని కథ దాచిపెట్టడానికి 130 అడుగుల పిరమిడ్ తలపెట్టాడు. దాని ముందు కాంక్రీటు మెట్ల రంగస్థలం మాత్రం లేచింది. పిరమిడ్‌కు డబ్బు చాలలేదు.

1929లో మార్కెట్ కూలింది. 1930 వేసవిలో ఆర్కాన్సాలో వానలు లేక పైరు మాడింది. నలభై ఏళ్ళుగా ఆయన చెబుతున్న అప్పుల బాధ అందరి గడపలోకీ వచ్చింది. 1931 ఆగస్టులో, 80 ఏళ్ళ వయసులో, ఆ మెట్ల మీదే లిబర్టీ పార్టీ మహాసభ పిలిచాడు. పాతిక రాష్ట్రాల నుంచి వందల మంది వచ్చి ఆయన్నే అభ్యర్థిగా ఎన్నుకున్నారు. 1932 ఎన్నికల్లో 53 వేలకు పైగా ఓట్లు పడ్డాయి, సగానికి పైగా దూరాన వాషింగ్టన్ రాష్ట్రంలోవే. సొంత రాష్ట్రం రూజ్‌వెల్ట్ వెంట నడిచింది. 1933లో ఆ రూజ్‌వెల్టే బంగారం కట్టు తెంపడం హార్వీ కళ్ళారా చూశాడు.

1936 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. 1960లలో బీవర్ డ్యాము నీళ్ళు వచ్చేముందు ఆయన సమాధిని మెట్టకు జరిపారు. రంగస్థలం సరస్సు అడుగున ఉంది. నీటిమట్టం బాగా తగ్గిన ఏళ్ళలో మెట్లు పైకి తేలతాయి.