జోసెఫ్ షుంపీటరు

1883 వ సంవత్సరము మార్చి నెలలో కారల్ మార్క్సు లండను నగరమున మరణించెను. అంతకు నెల ముందు, ఫిబ్రవరి 8 వ తేదీన, ఆస్ట్రియా సామ్రాజ్యమునందలి మొరేవియా సీమలో, బట్టల మిల్లు గల యొక కుటుంబమున జోసెఫ్ షుంపీటరు జన్మించెను. నాలుగేండ్ల ప్రాయముననే ఇతఁడు తండ్రిని కోలుపోయెను. తల్లి శ్రద్ధతో చదివింపఁగా 1906 లో వియన్నా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందెను.

పెట్టుబడిదారీ వ్యవస్థలో సంఘమేల మాఱును? యజమానులకును కార్మికులకును గల సంఘర్షణయే కారణమని మార్క్సు బోధించెను. షుంపీటరు మార్క్సును గౌరవముతో చదివియు, 1911 నాఁటి తన గ్రంథమున వేఱొక కారణమును చూపెను. క్రొత్త సరకును, క్రొత్త పద్ధతిని, క్రొత్త విపణిని తెచ్చు సాహసియే మార్పునకు మూలమనియు, బ్యాంకుల అప్పు వానికి సాధనమనియు వివరించెను. క్రొత్తది నిలుచునపుడు పాతది కూలును. 1942 లో వెలువడిన గ్రంథమున దీనికి సృజనాత్మక విధ్వంసమని పేరిడెను.

ఆ విధ్వంసమును ఇతఁడు స్వయముగా అనుభవించెను. 1919 లో ఆస్ట్రియా ఆర్థికమంత్రియై, కొలఁది నెలలకే పదవి వీడెను. పిమ్మట వియన్నాలో నొక బ్యాంకునకు అధ్యక్షుఁడై, 1924 నాఁటి విపత్తులో ఆస్తియంతయు పోఁగొట్టుకొని అప్పులపాలయ్యెను. 1926 లో తల్లి మరణించెను. ఆ వేసవియందే పురిటిలో భార్యయు బిడ్డయు గతించిరి. అయినను ఇతఁడు అధ్యాపక వృత్తిని విడువక, పెక్కేండ్లు శ్రమించి ఋణములు తీర్చెను. 1932 లో అమెరికాకు తరలి, హార్వర్డు విశ్వవిద్యాలయమున బోధించుచు, 1950 జనవరి 8 న కన్నుమూసెను.

ఇతని సిద్ధాంతమునకు మన హైదరాబాదే చక్కని నిదర్శనము. 1998 నవంబరు 22 న మాధాపురమున సైబర్ టవర్సు ప్రారంభమగునాఁటికి చుట్టును బండరాళ్ల గుట్టలును పొలములును ఉండెను. నేఁడచట అద్దాల మేడలు వెలసినవి. గడియారములును రిఫ్రిజరేటర్లును చేసిన ఆల్విన్ సంస్థ గతించి, మియాపురమునందలి యొక కూడలికి పేరుగా మాత్రము మిగిలినది.

విద్యార్థులారా! మీలో కొందఱు రేపు ఆ మేడలలో ఉద్యోగులగుదురు. అపుడు పొలము విడిచిన రైతును, రాయి కొట్టి బ్రతికిన కూలీని, కర్మాగారము మూఁతపడఁగా ఇల్లు చేరిన కార్మికుని తలఁపుఁడు. క్రొత్తది ఎట్లు పుట్టునో షుంపీటరు సిద్ధాంతము తెలుపును. కూలినవారి యెడల మన విధియేమో అది తెలుపదు. తన ఋణమును ఓర్పుతో తీర్చుకొన్న ఆతని జీవితము మాత్రము ఆ త్రోవ చూపుచున్నది. వారికి సంఘము పడిన ఋణమును తీర్చుట మీ తరము వంతు.